పెరట్లో మాంసం కోళ్లు: పిల్ల తేవడం దగ్గర్నుంచి కూర పొయ్యెక్కే దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి వెనక కాస్త ఖాళీ జాగా ఉండి, పది నుంచి ముప్పై కోళ్ల దాకా ఇంటి తిండి కోసం పెంచుకుందామనుకునే తెలుగు రాష్ట్రాల వాళ్లకోసం రాసినది ఇది. షెడ్డు వేసి వేలల్లో పెంచే బ్రాయిలర్ వ్యాపారం సంగతులు ఇందులో ఉండవు.

ఇంట్లో పెంచుకుంటే చికెన్ చవకగా పడుతుందా?

బ్రాయిలర్ చికెన్‌తో పోలిస్తే పడదు. కంపెనీ బ్రాయిలర్ కోడి 40, 42 రోజుల్లో రెండు కిలోలు దాటుతుంది, అందుకు అది తినే మేత నాలుగు కిలోల లోపే. ఆ లెక్కతో ఏ ఇల్లూ పోటీపడలేదు. అదే బజారులో నాటుకోడి ధరతో పోలిస్తే మాత్రం ఇంటి కోడి తప్పకుండా గిడుతుంది, ఎందుకంటే దాని తిండిలో సగం పెరటి నుంచే వస్తుంది.

అయితే చాలామంది లెక్క మేత దగ్గర తప్పదు, చావుల దగ్గర తప్పుతుంది. పది పిల్లల్ని తెస్తే నాలుగు చచ్చిపోతాయి, రెండు పిల్లి పాలవుతాయి. మిగిలిన నాలుగే ఆ పదింటి ఖర్చూ మోయాలి. అందుకే ఇక్కడ మేత కంటే బతికించుకోవడం గురించే ఎక్కువ ఉంటుంది.

ఏ రకం పిల్లలు తేవాలి?

ముందు ఎన్నాళ్లు పెంచే ఓపిక ఉందో తేల్చుకోండి. మూడు నెలల్లో కూరకు రావాలంటే వనరాజా. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంచాలకాలయం పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం ఇది. రంగురంగుల ఈకలతో చూడ్డానికి నాటుకోడిలాగే ఉంటుంది. పుంజులు పది పన్నెండు వారాల్లో కిలోంబావు, కిలోన్నర దగ్గరికి వస్తాయి. పెట్టల్ని ఉంచుకుంటే పెరటి మేత మీదే ఏడాదికి వంద పైచిలుకు గుడ్లు పెడతాయి. అదే సంస్థ తెచ్చిన గ్రామప్రియ గుడ్లకు మెరుగు, ఒళ్లు తక్కువ. శ్రీనిధి ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. హైదరాబాద్‌లోని పశువైద్య విశ్వవిద్యాలయం తెచ్చిన రాజశ్రీ కూడా పెరటికి పనికొచ్చేదే.

అసలు నాటు రకాలకైతే అయిదారు నెలలు కావాలి, అప్పటికీ తూకం కిలోంబావు నుంచి కిలోన్నర మధ్యే ఉంటుంది. రుచిలో తేడా మాత్రం నిజం. ఎక్కువ రోజులు తిరిగిన కోడికి కండ గట్టిపడుతుంది, పులుసు చిక్కగా దిగుతుంది. వనరాజాను కూడా అయిదో నెల దాకా ఆపితే ఆ తేడా చాలావరకు తగ్గిపోతుందని నా అభిప్రాయం. ఒప్పుకోని వాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు.

అసీల్, అంటే జాతికోడి. ఎముక బలం, కండ బాగుంటాయి, పెట్ట పొదగడంలో దానికదే సాటి. కానీ గుడ్లు బాగా తక్కువ. పుంజులు ఒకదాన్నొకటి చూస్తే ఊరుకోవు, విడివిడిగా కట్టెయ్యాల్సి వస్తుంది. కూర కోసం పెంచేవాళ్లకు అంత చాకిరీ దండగ.

బ్రాయిలర్ పిల్లల్ని పెరట్లో వదిలి పెంచవచ్చా?

వదిలితే అవి తిరగవు. మేత గిన్నె పక్కనే కూర్చుంటాయి. ఒళ్లు పెరిగినంత వేగంగా కాళ్లు, గుండె పెరగవు కాబట్టి ఎనిమిది వారాలు దాటితే నడవలేక, ఉన్నట్టుండి పడిపోయి చస్తుంటాయి. మన ఏప్రిల్, మే ఎండలకు ఫ్యాన్లున్న షెడ్డులోనే తట్టుకోలేవు. తప్పదనుకుంటే చలికాలంలో తెచ్చి, నీడలోనే ఉంచి, ఆరు నుంచి ఏడు వారాల మధ్య కోసెయ్యండి.

ఇంకో మాట. బ్రాయిలర్ అంత తొందరగా పెరిగేది హార్మోన్ ఇంజెక్షన్ల వల్ల కాదు. దశాబ్దాల పాటు జాతిని ఎంచుకుంటూ రావడం, లెక్కకట్టిన మేత, ఇవే కారణం. ఆలోచించాల్సింది యాంటీబయాటిక్స్ గురించి. పశువులకు, కోళ్లకు కొలిస్టిన్ వాడకాన్ని కేంద్రం 2019లో నిషేధించింది కూడా.

కడక్‌నాథ్ ఆరోగ్యానికి మంచిదంటున్నారు. పెంచమంటారా?

నల్లమాంసం కావాలనిపిస్తే పెంచండి. అది మధ్యప్రదేశ్ ఝాబువా ప్రాంతపు కోడి, 2018లో దాని మాంసానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొవ్వు తక్కువే, కానీ మందులాగా పనిచేస్తుందని చెప్పేవన్నీ అమ్మేవాళ్ల మాటలు. పెరుగుదల బాగా నెమ్మది, పిల్ల ధర ఎక్కువ. మొదటి బ్యాచ్‌గా మాత్రం వద్దు. పెంపకం చేతికి పట్టాక ఆలోచించవచ్చు.

పెట్టతో పొదిగించాలా, హేచరీ పిల్లలు కొనాలా?

మీ దగ్గర పొదుగుకు కూర్చునే నాటు పెట్ట ఉంటే అంతకు మించిన యంత్రం లేదు. కరెంటు అక్కర్లేదు, పిల్లల్ని తనే వెచ్చగా కప్పుకుంటుంది, గద్ద నీడ పడితే రెక్కల కిందికి పిలుచుకుంటుంది. పెట్ట ఒళ్లును బట్టి పది, పన్నెండు గుడ్లు వేస్తే చాలు. ఎక్కువ వేస్తే చివర్లవి చల్లబడి మురిగిపోతాయి. గుడ్లు వారం లోపువే అయ్యుండాలి. వేసవిలో ఇంకా తాజావి కావాలి, ఎందుకంటే ఆ వేడికి పెట్ట కూర్చోకముందే లోపల పిండం కదిలి చచ్చిపోతుంది. ఏడో రోజు రాత్రి సెల్‌ఫోన్ టార్చి మీద గుడ్డు పెట్టి చూడండి. ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తే పిల్ల ఉన్నట్టు. ఏమీ లేకుండా తేటగా ఉంటే తీసెయ్యండి. 21వ రోజుకు పిల్లలు బయటికొస్తాయి.

వనరాజా, గ్రామప్రియ లాంటివి పొదుగుకు కూర్చోవడం అరుదు. వాటి గుడ్లను నాటు పెట్ట కింద పెట్టుకోవచ్చు. కానీ ఆ సంకర రకాల గుడ్ల నుంచి వచ్చే తరం తల్లిదండ్రులంత బాగా పెరగదు. అందుకే ప్రతిసారీ కొత్త పిల్లల్ని తెచ్చుకోమంటారు.

హేచరీ పిల్లల్లో ఆడా మగా వేరు చేసి ఇవ్వరు, సుమారు సగం పుంజులే వస్తాయి. మాంసానికి అది మంచిదే. పుంజుల్ని ముందు కోసుకుని పెట్టల్ని గుడ్లకు ఉంచుకోవచ్చు. కొనేటప్పుడు మారెక్స్ టీకా, అంటే కోళ్ల కాళ్లూ రెక్కలూ పడిపోయే జబ్బు రాకుండా వేసేది, వేశారా అని అడగండి. అది పుట్టిన రోజే, హేచరీలోనే వెయ్యాలి.

ఎప్పుడు తెస్తే పండక్కి అందుకుంటాయి?

సంక్రాంతికి కావాలంటే నాటు పిల్లలు జులై, ఆగస్టుల్లో పుట్టి ఉండాలి. వనరాజా అయితే అక్టోబరు మొదట్లో తెస్తే సరిపోతుంది. బోనాలకు అందుకోవాలంటే ఏప్రిల్‌లో తేవాలి, ఆ ఎండల్లో పిల్లల్ని నిలబెట్టడం మాటలు కాదు. ఆ పండక్కి నాటుకోడే కావాలంటే జనవరి పిల్లలు మేలు. కార్తీకంలో నీసు ముట్టని ఇళ్లయితే ఆ నెలలో కోతకు వచ్చేలా ప్లాన్ చేసుకోకండి. ఎదిగిన పుంజులు నెల రోజులు ఊరికే తింటూ, కొట్టుకుంటూ ఉంటాయి.

పిల్లల్ని మొదటి నెల ఎలా చూసుకోవాలి?

తల్లి లేని పిల్లలకు మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావచ్చు. పాతిక పిల్లలకు ఒక 60 వాట్ల బల్బు, చలికాలంలో 100 వాట్లది సరిపోతుంది. ఇక్కడే ఈ మధ్య చాలామంది దెబ్బతింటున్నారు. ఎల్‌ఈడీ బల్బు వెలుతురే ఇస్తుంది, వేడి ఇవ్వదు. పాత ఫిలమెంట్ బల్బే వెతికి తెచ్చుకోవాలి. కుంపటి పెడితే గది మూసెయ్యకండి, బొగ్గు గాలికి పిల్లలు నిద్రలోనే పోతాయి.

థర్మామీటర్ లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుంపుగా ఒకదానిమీద ఒకటి ఎక్కితే చలి వేస్తున్నట్టు. నోళ్లు తెరిచి గోడల పక్కకు పోతే వేడి ఎక్కువైనట్టు. ఒకే పక్కకు జరిగితే ఎదుటి వైపు నుంచి గాలి కొడుతున్నట్టు. అంతా పరుచుకుని తింటూ తిరుగుతుంటే సరిగ్గా ఉన్నట్టు.

కింద రెండు మూడు అంగుళాల మందాన వరి ఊక పరిచి, మొదటి రెండు రోజులు పైన పాత పేపరు వెయ్యండి, లేకపోతే మేత అనుకుని ఊక తింటాయి. రాగానే ముందు నీళ్లు, ఆ తర్వాతే మేత. మొదటి పూట నీళ్లలో కాస్త బెల్లం కలిపితే ప్రయాణం బడలిక నుంచి తేరుకుంటాయి. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వెయ్యడం మర్చిపోకండి. లోతు అర అంగుళమే ఉన్నా పిల్ల మునిగిపోగలదు, తడిస్తే చలికి చచ్చిపోగలదు. ఊక తడవగానే అంతవరకు తీసి పొడిది వెయ్యాలి. తడి ఊకలోనే రక్త పారుడు వ్యాధి పుడుతుంది. రెట్టలో రక్తం కనబడితే ఆ రోజే పశువుల ఆసుపత్రికి వెళ్లండి, దానికి మందుంది.

ఆరు వారాల దాకా బయటికి వదలకండి. ఈ ఆరు వారాలూ అంగట్లో దొరికే స్టార్టర్ మేతే పెట్టండి. వనరాజా పిల్ల ఈ కాలంలో కిలోన్నర వరకు తింటుంది. ఇక్కడ పొదుపు చేసి నూకలతో సరిపెడితే మూడో నెలలో ఆ లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఆ తర్వాత ఏం మేపాలి?

పొద్దున్నే వదిలితే పురుగు, గడ్డిగింజ, లేత ఆకు అవే ఏరుకుంటాయి. సాయంత్రం గూటికి చేరే ముందు గుప్పెడు గింజలు వెయ్యండి. అలా చేస్తే గూటికి రావడం అలవాటవుతుంది, ఏ రోజు ఏది తక్కువైందో లెక్క తెలుస్తుంది. నూకలు, తవుడు, జొన్నలు, సజ్జలు, మొక్కజొన్న, మీ ప్రాంతంలో ఏది చవకైతే అది.

గింజలు బలాన్నిస్తాయి, కండ పట్టాలంటే మాంసకృత్తులు కావాలి. పెరట్లో కొరత వాటికే. వేరుశనగ చెక్క మంచిదే కానీ బూజు పట్టినది మాత్రం వద్దు, అందులోని విషం కోడి కాలేయాన్ని తినేస్తుంది. నీళ్ల మీద తేలుతూ పెరిగే అజొల్లా అనే మొక్క గురించి వీడియోల్లో చెప్పేదంతా నమ్మకండి. ఎండబెట్టి చూస్తే మాంసకృత్తులు బాగానే ఉంటాయి, కానీ పచ్చి అజొల్లాలో తొంభై వంతులు నీళ్లే. అది పైమేతగా పనికొస్తుంది, కడుపు నింపదు.

పాత పద్ధతి ఒకటి చాలా నయం. పాత కుండలో తడిపిన గోనెసంచి ముక్కలు, ఎండు పేడ, చొప్ప ముక్కలు కుక్కి, చెదలున్న చోట సాయంత్రం బోర్లించండి. తెల్లారేసరికి కుండ నిండా చెదలుంటాయి. పిల్లల ముందు దులిపితే నిమిషంలో ఖాళీ.

వంటింటి మిగుళ్లు పెట్టవచ్చు. కానీ ఊరగాయ, ఉప్పుచేప లాంటివి వద్దు, ఉప్పు ఎక్కువైతే కోళ్లు చస్తాయి. ఎండుచేపల పొడి మేతలో కలిపేవాళ్లు కోతకు రెండు వారాల ముందే ఆపెయ్యాలి. లేకపోతే కూరకు ఆ వాసన వస్తుంది.

గూడు ఎలా ఉండాలి? పిల్లి, గద్ద బెడద ఎలా తప్పుతుంది?

రాత్రి పడుకోవడానికి ఒక్కో పెద్ద కోడికి చదరపు అడుగు చాలు. నేల నుంచి అడుగున్నర, రెండు అడుగుల ఎత్తులో కాళ్ల మీద నిలబెట్టిన చెక్క గూడు మంచిది. గాలి ఆడాలి, వాన జల్లు పడకూడదు. అడుగున జాలీ వేస్తే రెట్ట కిందికి రాలిపోతుంది. జాలీ కన్నం మాత్రం సన్నగా ఉండాలి. కోళ్లు బయటికి పోకుండా ఆపే వల వేరు, ముంగిస లోపలికి రాకుండా ఆపే వల వేరు. పందికొక్కు కింది నుంచి తవ్వుకుంటూ వస్తుంది, పాము గుడ్లకీ పిల్లలకీ వస్తుంది. పగలు గద్దలు, కాకులు పిల్లల్నే ఎత్తుకుపోతాయి. రెండు నెలలు దాటాక కాకి భయం ఉండదు. చెట్టు మీద పడుకునే అలవాటు పడిన కోళ్లను మొదటి వారంలోనే మాన్పించండి. తర్వాత అవి మీ మాట వినవు.

కోళ్ల గంప ఒకటో రెండో ఇంట్లో ఉంచుకోండి. జబ్బు కోడిని విడిగా పెట్టడానికీ, కోతకు ముందు రోజు మూయడానికీ అదే కావాలి.

టీకాలు నిజంగా అవసరమా? పదే కోళ్లు కదా?

పది కోళ్లయినా కొక్కెర తెగులు ఒక్క వారంలో గూడు ఖాళీ చేస్తుంది. దీన్నే రాణీఖేత్ అంటారు. ఎండాకాలంలో ఊళ్లో ఎవరింట్లోనో మొదలై వీధి వీధీ తిరుగుతుంది. పచ్చటి, తెల్లటి రెట్ట, గురక, రెక్కలు వేలాడెయ్యడం, కునుకుపాట్లు, మెడ మెలితిరగడం దాని గుర్తులు. వచ్చాక మందు లేదు, రాకుండా టీకా మాత్రమే ఉంది.

మొదటి వారంలో, అంటే ఏడో రోజు లోపు కొక్కెర తెగులుకు లసోటా టీకా కంట్లో ఒక చుక్క. పధ్నాలుగో రోజుకు గంబోరో టీకా, పిల్లల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే జబ్బుకు. నాలుగో వారం చివర మళ్లీ లసోటా. ఆరో వారంలో మశూచి టీకా. ఊళ్లల్లో అమ్మోరు పోసిందంటారే, అది రాకుండా. ఎనిమిది, తొమ్మిది వారాల మధ్య మళ్లీ కొక్కెర తెగులుకే ఆర్2బి అనే ఘాటైన టీకా చర్మం కింద అర మిల్లీలీటరు. గుడ్లకు ఉంచుకునే పెట్టలకు దాన్ని ఆరు నెలలకోసారి వేయించాలి. ముందు లసోటా పడని చిన్న పిల్లలకు నేరుగా ఆర్2బి వేస్తే అదే జబ్బు తెచ్చిపెట్టగలదు.

అసలు చిక్కు వేరే ఉంది. టీకా సీసా వంద డోసులదో రెండు వందల డోసులదో వస్తుంది. కలిపాక గంట, రెండు గంటల్లో వాడెయ్యాలి. పది కోళ్లకు సీసా ఎవరు కొంటారు? అందుకని వీధిలో కోళ్లున్న ఇళ్లన్నీ కలిసి ఒకే రోజు వేయించుకోవాలి. ఖర్చు పంచుకోవడం ఒక్కటే కాదు, పక్కింటి కోళ్లకు టీకా పడితేనే మీ కోళ్లూ నిలుస్తాయి. పశువైద్యశాలలో అడిగితే టీకా సంగతి చెబుతారు. తెచ్చేటప్పుడు ఐసుముక్కలున్న ఫ్లాస్కు తీసుకెళ్లండి. ఎండలో సంచిలో వేసుకొచ్చిన టీకా నీళ్లతో సమానం.

కోడి కునుకుతోంది. చచ్చేలోపు కోసుకుంటే ఏమవుతుంది?

ఊళ్లల్లో పాత అలవాటే ఇది, పోయే కోడి పోనివ్వడమెందుకని. వద్దు. కొక్కెర తెగులు ఉడికించిన మాంసం ద్వారా మనిషికి రాదు, నిజమే. కానీ చూడగానే అది కొక్కెరో, బర్డ్ ఫ్లూనో, పాము కాటో, ఎలుకల మందు తిన్నదో మీకూ నాకూ తెలియదు. పైగా కోసేటప్పుడు కారే రక్తం, పీకే ఈకలు, విసిరేసే పేగులు మిగతా కోళ్లకు జబ్బు అంటిస్తాయి. విడిగా గంప కింద పెట్టి డాక్టరుకు చూపించండి. చస్తే లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. కాలవలో పడెయ్యడం ఊరందరికీ జబ్బు పంచడమే.

యాంటీబయాటిక్ పెట్టి బాగైన కోడిని కూడా వెంటనే కొయ్యకండి. మందు ఆపాక ఎన్ని రోజులు ఆగాలో ప్యాకెట్ మీద ఉంటుంది, లేకపోతే రాసిచ్చిన డాక్టరును అడగండి.

బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఇంటి కోళ్ల సంగతేంటి?

మన దేశంలో ఇది మొదట 2006లో మహారాష్ట్ర నవాపూర్‌లో బయటపడింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో హెచ్5ఎన్1 రకం బర్డ్ ఫ్లూ వైరస్ తేలాక చుట్టుపక్కల చికెన్ అమ్మకాలే ఆపేశారు. మీ ఊరికి దగ్గర్లో అలాంటి వార్త వస్తే కోళ్లను బయటికి వదలకండి, చెరువు బాతులతో కలవనివ్వకండి, కొత్త కోళ్లు తేకండి. ఒకేసారి కోళ్లు రాలిపోతుంటే చేత్తో ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పాలి. ఫారం వాళ్లయినా ఇంటివాళ్లయినా ఇదే మాట.

బాగా ఉడికిన మాంసంతో భయం లేదు, లోపలి ముక్క 74 డిగ్రీలు చేరితే వైరస్ చస్తుంది. భయమంతా పచ్చిది పట్టుకోవడంలో ఉంది. ముక్కలు కోస్తూ పక్కన కూర్చున్న చంటిపిల్లల చేతిలో పచ్చి ముక్క పెట్టడం, నోట్లో పెట్టడం లాంటివి పొరపాటున కూడా చెయ్యకండి.

కోయడానికి సరైన వయసు ఏది?

వనరాజా పుంజు పన్నెండో వారం దగ్గర. ఆ తర్వాత తినే మేతకు పెరిగే బరువు తగ్గుతూ వస్తుంది. నాటు పుంజు కూత నేర్చి, పెట్టల వెంట పడడం మొదలుపెట్టాక, అంటే అయిదారు నెలలకు. గుడ్లు ఆగిన ముదురు పెట్ట వేపుడుకు పనికిరాదు, పులుసుకు మాత్రం దానికి మించింది లేదు.

కోతకు ముందు రోజు ఏం చెయ్యాలి?

రాత్రికి గంప కింద మూసి మేత ఆపెయ్యండి, నీళ్లు మాత్రం ఉంచండి. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు చాలు. కడుపు ఖాళీగా ఉంటే పేగు తెగినా మాంసం పాడవదు. పొద్దున్నే, ఎండ ఎక్కకముందే పని పెట్టుకోండి. వెంటపడి పరిగెత్తించి పట్టుకున్న కోడి మాంసం గట్టిగా, రంగు మారి ఉంటుంది. చీకటి ఉండగానే గంప ఎత్తి తీసుకుంటే అరవదు కూడా.

నొప్పి తక్కువగా ఎలా కోయాలి?

కత్తి పదునే సగం దయ. అడుగు కోసేసిన ప్లాస్టిక్ క్యాన్ మూతి కాస్త పెద్దది చేసి, తలకిందులుగా గోడకు కొట్టండి. కోడిని తల కిందికి వచ్చేలా అందులో దించితే రెక్కలు కొట్టుకోదు, కాసేపటికి స్తిమితపడుతుంది. దవడ కిందుగా మెడకు రెండు పక్కలా ఉండే రక్తనాళాలు ఒకే గాటుకు తెగాలి. హలాల్ చేసేవాళ్లు దువా చదివి గొంతు, శ్వాసనాళం, రక్తనాళాలు కోస్తారు, తల వేరు చెయ్యరు. ఒక్క వేటుకు తల తెంచేవాళ్లూ ఉన్నారు. ఏ పద్ధతైనా రెండు మూడు నిమిషాలు రక్తం పూర్తిగా కారనివ్వాలి. కదలిక పూర్తిగా ఆగాకే వేడినీళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. ప్రాణం ఉండగా ముంచడం క్రూరత్వం.

చేతులు వణికితే మొదటిసారి ఊళ్లో చికెన్ కొట్టు వాళ్లను పిలిపించుకుని చూడండి. అందులో నామోషీ లేదు.

ఈకలు పీకాలా, తోలు ఒలిచెయ్యాలా?

బ్రాయిలర్‌కు తోలు ఒలిచినా నష్టం లేదు. నాటుకోడికి తోలుతోనే రుచి, దాన్ని కాల్చాలి.

నీళ్లు మరీ మరుగుతుంటే తోలు ఉడికి ఈకలతోపాటు ఊడొస్తుంది. 60 నుంచి 65 డిగ్రీలు కావాలి. థర్మామీటర్ లేకుండా సులువు లెక్క: మరిగిన నీళ్లు ఎన్నో, మామూలు నీళ్లు అన్నే కలపండి. మన వాతావరణంలో అది సరిగ్గా ఆ వేడికే వస్తుంది. కాళ్లు పట్టుకుని కోడిని ముంచి, అటూ ఇటూ ఆడిస్తూ నిమిషం ఉంచండి, ముదురు కోడికి ఇంకాస్త ఎక్కువ. తోక ఈక లాగితే తేలిగ్గా వచ్చిందంటే తీసెయ్యవచ్చు. ముందు రెక్కల, తోక ఈకలు, తర్వాత ఒంటివి. చల్లారితే మళ్లీ గట్టిపడతాయి, అందుకని ఆగకుండా పీకాలి.

మిగిలిన నూగును ఎండుగడ్డి మంట మీద తిప్పుతూ కాల్చండి. ఎండు కొబ్బరాకు మంటైనా పనికొస్తుంది, టౌనులో గ్యాస్ పొయ్యి ఎలాగూ ఉంది. ప్లాస్టిక్, పాత టైరు ముక్కలు వేసి మాత్రం కాల్చకండి, ఆ విషం తోలుకు అంటుతుంది. కాల్చాక పసుపు రాసి, రుద్ది కడిగితే మసీ, నీచువాసనా పోతాయి. ఆ పసుపుపచ్చ తోలు చూస్తే చాలు, సగం ఇల్లు వంటింటి చుట్టూ చేరుతుంది.

లోపల శుభ్రం చేసేటప్పుడు ఏం చూసుకోవాలి?

మెడ కింద ఉన్న మేత సంచిని ముందు తీసెయ్యండి. తోక మీద చిన్న నూనె గ్రంథి ఉంటుంది, అదీ కోసెయ్యాలి. తర్వాత మలద్వారం చుట్టూ పేగు తెగకుండా గాటు పెట్టి, చెయ్యి లోపలికి పోనిచ్చి అన్నీ ఒకేసారి బయటికి లాగాలి. కార్జానికి అంటుకుని ఆకుపచ్చటి చేదు సంచి ఉంటుంది. అది పగిలితే ఆ చేదు ఎన్ని నీళ్లతో కడిగినా పోదు. కార్జం ముక్క కాస్త పోయినా ఫరవాలేదు, దాన్ని కలుపుకునే కోసి పారెయ్యండి. కందనకాయను పక్కకు చీల్చి, లోపలి ఇసుక, గింజలు దులిపి, పసుపుపచ్చ పొర ఒలిచెయ్యాలి. ఊపిరితిత్తులు పక్కటెముకలకు అతుక్కుని ఉంటాయి, వేలితో గీకాలి.

ఒక్క నిమిషం ఆగి కార్జం చూడండి. నున్నగా, ఎర్రటి గోధుమరంగులో ఉండాలి. తెల్లటి గడ్డలు, మచ్చలు, విపరీతమైన వాపు ఉంటే ఆ కోడిని కూరకు వాడకండి.

వెంటనే వండాలా, ఫ్రిజ్‌లో పెట్టాలా?

కోసిన వేడి మీద వెంటనే పొయ్యెక్కిస్తే ఒక పద్ధతి. లేదంటే ఆగినవాళ్లు సరిగ్గా ఆగాలి. చచ్చిన కొద్దిసేపటికి కండ బిగుసుకుంటుంది, మళ్లీ సడలడానికి గంటలు పడుతుంది. ఆ మధ్యలో వండితే ఎన్ని విజిల్స్ వచ్చినా రబ్బరే. చుట్టాలొస్తున్నారంటే ముందు రోజే కోసి, ఐసునీళ్లలో చల్లబరిచి, రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో ఉంచడం మేలు. డీప్ ఫ్రీజర్‌లో పెట్టేవీ ఇలా ఒక రాత్రి గడిచాకే పెట్టండి.

లేత పుంజుకు కుక్కర్‌లో మూడు, నాలుగు విజిల్స్ చాలు. ముదురు పెట్టకు దానికి రెట్టింపు. రాయలసీమ వాళ్లకు రాగిసంగటి, కృష్ణా, గుంటూరు వైపు గారెలు, తెలంగాణలో బగారన్నం. దేనితో తిన్నా ముక్క ఎముక నుంచి విడిపోయేదాకా ఉడకాలి.

ఎంత మాంసం వస్తుంది?

తోలుతో అయితే బతికున్న బరువులో నూటికి డెబ్భై వంతుల దాకా. కిలోన్నర కోడికి కిలో కూర అనుకోండి. తోలు ఒలిస్తే, కోడి బక్కదైతే ఇంకా తగ్గుతుంది.

ఇంట్లో పిల్లలు వాటికి పేర్లు పెట్టేశారు. ఏం చెయ్యాలి?

పేరున్న కోడిని గుడ్లకు ఉంచేసుకోండి. అబద్ధం చెప్పి కోస్తే ఆ పూట ఎవరూ తినరు.

పందెంలో ఓడిన కోడి, కోజ, అంత రుచి అంటారు. నిజమేనా?

బాదం పప్పులు, మటన్ కైమా పెట్టి ఏడాది పైన సాకిన పుంజు కాబట్టి కండ ఉంటుంది. కానీ బరిలోకి దించే ముందు నొప్పి తెలియకుండా, ఉత్సాహం రావాలని ఏ మందులు ఎక్కించారో తెలియదు. గాయాలతో, ఆవేశంతో చచ్చిన కోడి మాంసం నాణ్యంగా ఉండదు కూడా. కోడిపందేలు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం, డబ్బు కడితే 1974 జూద చట్టం కింద మరో నేరం. గోదావరి జిల్లాల్లో ఈ మాట చెబితే నవ్వుతారని తెలుసు.

మిగిలిన కోళ్లు అమ్ముకోవచ్చా?

బతికున్న కోడిని తూకం వేసి అమ్మడమే తేలిక. కోసి, శుభ్రం చేసి మాంసంగా అమ్మాలంటే అది ఆహార వ్యాపారం. చిన్నదైనా కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి, స్థానిక సంస్థ నిబంధనలూ వర్తిస్తాయి. టౌన్లో పెంచాలన్నా ముందు మునిసిపాలిటీలో, పక్కింటివాళ్లతో మాట్లాడుకోండి. తెల్లవారుజామున పుంజు కూత మీకు అలారం కావచ్చు, నైట్ డ్యూటీ చేసి పడుకున్న పక్కింటాయనకు కాదు.

ఈకలు, పేగులు, రక్తం ఎక్కడ వెయ్యాలి?

రెండడుగుల గొయ్యిలో వేసి మట్టి కప్పి, పైన బరువైన రాయి పెట్టండి. లేకపోతే రాత్రికి కుక్కలు తవ్వేస్తాయి. కొబ్బరి, అరటి మొదళ్లకు కాస్త దూరంలో పూడిస్తే మంచి ఎరువు, ఈకలు మాత్రం కుళ్లడానికి నెలలు పడుతుంది. పేగులు ఇంటి కుక్కకు పచ్చివి వెయ్యకండి. ఆ రుచి మరిగిన కుక్క మర్నాడు గూటి చుట్టూ తిరుగుతుంది. కోసిన చోటు నీళ్లతో కడిగి, బ్లీచింగ్ చల్లి, ఎండిపోయాకే మిగతా కోళ్లను అటు వదలండి.